ఏరు ఎడమ పక్క

అక్టోబరు 4, శుక్రవారం

ఈ డైరీ జనవరిలో స్కూల్లో ఇచ్చారు. డ్రైవర్లకు, ఆయాలకు, టీచర్లకు అందరికీ ఒకే రకం. తొమ్మిది నెలలుగా బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. ఇప్పుడు తీశాను. ఎడమ చేతికి కట్టు పడింది. కుడి చేతికి స్టీరింగు లేదు, గేరు లేదు. ఏదో ఒకటి పట్టుకోకపోతే తోచడం లేదు.

నిన్న పొద్దున ఆరున్నరకు షెడ్డులో బండి చుట్టూ తిరిగి టైర్లు చూసుకుంటూ, ఎడమ పక్క వెనక చక్రం దగ్గర బోర్లా పడ్డాను. చక్రానికి అడ్డం పెట్టే రాయి కాలికి తగిలింది. రాత్రి ఎవరో దాన్ని జరిపి ఉంటారు. మా బస్సు ఆయా గ్రేసీ పరిగెత్తుకొచ్చి లేపింది. మణికట్టు ఎముక విరిగింది. ఆటోలో పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాను. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురు దబ్బలు, గుడ్డ. కట్టే ఆయన చేయి నిమురుతూ మాటల్లో పెట్టాడు.

"ఎట్ల పడితివప్పా?"

"రాయి తగిలిందన్నా. మసకగా ఉండె."

"ఆరున్నరకు మసకేందప్పా?"

అంటూనే ఒక్క లాగు లాగాడు. ప్రాణం పోయి వచ్చింది. జవాబు చెప్పే పని మాత్రం తప్పింది.

నలభై రోజులు. నవంబరు పదమూడున విప్పుతారట. కరస్పాండెంటు కృష్ణమూర్తి సార్ ఫోన్ చేశారు. "నీ సీటు నీదే ఏకాంబరం. అంతవరకు దయానంద్‌ను పెడతా" అన్నారు. పదకొండేళ్ళుగా ఆ బస్సు తోలుతున్నాను, అంతకు ముందు ఇరవై ఏళ్ళు లారీ. నా బండి కింద ఒక కోడి కూడా పడలేదు. ఆ సీటుకు తిరిగి పోవాలి. అది తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

అక్టోబరు 6, ఆదివారం

ఇంట్లో కూర్చుంటే జ్ఞానాంబ నన్ను చూస్తుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నన్ను ఇంతసేపు ఎప్పుడూ చూసి ఉండదు. అందుకే పొద్దున్నే నేరేడుకోనకు బయలుదేరాను.

ఊరు దాటి మామిడి తోట వెనక నుంచి కాలిబాట మొదలవుతుంది. గంటలోపు నడక, ఎక్కుడు లేదు, ముసలివాళ్ళు కూడా పోవచ్చు. దారి పొడుగునా నీడ. కానుగ, నేరేడు, ఏటి అంచున మద్దిచెట్లు, పైన కొమ్మలు కలిసిపోయి ఎండ చుక్కలుగా మాత్రమే పడుతుంది. తొమ్మిది మలుపులు. చివరి మలుపులో పెద్ద బండ అడ్డం ఉంటుంది. దాని పక్కన ఒరుసుకుని పోతే తప్ప నీళ్ళు దూకేది కనిపించదు. చప్పుడు మాత్రం నాలుగో మలుపు నుంచే వినిపిస్తుంది. ఈ చుట్టుపక్కల కోనలన్నిటికీ కార్లలో జనం వస్తారు, దీనికి రారు. బండ దాకా వచ్చి, ఇంతేలే అనుకుని వెనక్కు పోతారు. మంచిదే.

దారి ఏటిని ఎక్కడా దాటదు. పోయేటప్పుడు ఏరు ఎడమ పక్క ఉంటుంది. చెట్లు కమ్ముకున్నాయి, నీళ్ళు కనిపించలేదు, గలగల వినిపించింది. వచ్చేటప్పుడు కుడి పక్క మొత్తం కనిపించింది. చేపపిల్లలతో సహా. చిన్నప్పుడు పోయేటప్పుడు కూడా కనిపించేవి. చెట్లు బాగా పెరిగినట్టున్నాయి.

నీళ్ళ దగ్గర కూర్చుని ఒకటి అనుకున్నాను. రోజూ ఈ దారిన పోయి రావాలి. రాళ్ళు, వేళ్ళు, వంగిన కొమ్మలు అన్నీ ఉన్నాయి కదా. ఎక్కడా తగలకుండా పోయి వస్తే నా కళ్ళు బాగున్నట్టే. కళ్ళు చూపించుకోమని పోరే జ్ఞానాంబ నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఇవాళ ఎక్కడా తగల్లేదు.

అక్టోబరు 7

పోయాను, వచ్చాను. ఒక్క తడబాటు లేదు.

అక్టోబరు 8

పోయాను, వచ్చాను. ఏడో మలుపులో వేరు ఉందని ముందే కాలు ఎత్తాను.

అక్టోబరు 9, బుధవారం

జ్ఞానాంబ మళ్ళీ మొదలుపెట్టింది. "తిరపతికి పోయి కండ్లు సూపించుకోయ్యా" అంటుంది. జూన్‌లో స్కూలు తెరిచే ముందు డ్రైవర్లందరికీ కళ్ళు పరీక్ష చేశారు. గోడ మీది అక్షరాలు చిట్టచివరి వరుస దాకా చదివాను. ఒక్కో కన్నూ మూసి కూడా చదివాను. దొంగతనం ఏమీ చేయలేదు. అది చాలదా?

"అచ్చరాలు రోడ్డు మజ్జిలోకి వస్తాయా? ఆవులు వస్తాయి గానీ" అంది.

ఈమె మాటలకు నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండేళ్ళుగా అన్నం పెట్టేటప్పుడు నీళ్ళ చెంబు నాకు కుడి పక్కన పెడుతోంది. ఎందుకే అంటే, ఎడమ పక్క పెడితే నువ్వు తన్నేస్తావు అంటుంది. రెండు మూడుసార్లు తన్నినమాట నిజమే. ఏదో ఆలోచనలో ఉండి.

బస్సుకు ఎడమ పక్క గీతలు ఉన్నాయని సార్ కూడా ఒకసారి అడిగారు. గేట్లు అట్లా కట్టుకుంటారు జనం, రోడ్డు మీదకు పొడుచుకొచ్చేలా. నేనేం చేసేది?

అక్టోబరు 12, శనివారం

ఆయుధపూజ. నా బస్సుకు దయానంద్ పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడట. గ్రేసీ ఫోటో పంపింది. అద్దానికి చామంతి దండ వేశారు. దండ కొంచెం కిందకు వచ్చింది, తోలేటప్పుడు అడ్డం. నేనైతే పైకి కట్టేవాడిని.

అసూయగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేముంది, ఇది ఎవరూ చదివేది కాదు.

బస్సులో గ్రేసీ వాగుడు లేకుండా పొద్దులు గడవడం కూడా కొత్తగా ఉంది. తలుపు దగ్గర నిలబడి దారి పొడుగునా ఒకటే వాగుడు. "అన్నా, ఎడమ పక్క బైకు." "అన్నా, ఎడమ పక్క ముసలామె." "అన్నా, గేదెలు." నాకు కనిపించనట్టు. ఎన్నిసార్లు కసిరినా ఆపదు. ఆడవాళ్ళకు ఊరికే నిలబడితే నోరు నొస్తుంది కాబోలు.

అక్టోబరు 15

వాన.

అక్టోబరు 16

వాన. స్కూళ్ళకు సెలవు. కట్టు తడవకుండా కవరు చుట్టుకుని కూర్చున్నాను.

అక్టోబరు 17

వాన. కోన వైపు నుంచి ఇంటి దాకా ఏటి చప్పుడు వినిపిస్తోంది. పోకుండా మూడు రోజులైంది. కాళ్ళు ఊరుకోవడం లేదు.

అక్టోబరు 19, శనివారం

పోయాను. ఏరు నిండుగా పారుతోంది. మూడో మలుపులో మోకాళ్ళ మీద పడ్డాను. వానకు కొట్టుకొచ్చిన మద్దిమాను అడ్డంగా పడి ఉంది, ఎడమ వైపు నుంచి దారి సగం దాకా. కట్టు ఉన్న చెయ్యి పైకెత్తి పడ్డాను కాబట్టి సరిపోయింది. ఐదో మలుపులో కొమ్మ చెంపకు కొట్టింది. ఆ కొమ్మ కూడా కొత్తది. ఆరో మలుపు నుంచి వెనక్కు వచ్చేశాను. జలపాతం చూడలేదు.

ఇది లెక్కలోకి రాదు. దారి మారిపోతే ఎవరైనా పడతారు. పాత దారిలో నేను ఎక్కడా పడలేదు.

ప్యాంటు మోకాళ్ళ మీద బురద కడుక్కుని ఇంటికి వచ్చాను. జ్ఞానాంబ తడి చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అక్టోబరు 20, ఆదివారం

మొదటి నుంచి రాయాలి. తొందరపడకూడదు.

మధ్యాహ్నం గ్రేసీ చర్చి నుంచి నేరుగా వచ్చింది, కూతురు ఐశ్వర్యను వెంటబెట్టుకుని. ఐశ్వర్య మూడో తరగతి, మా స్కూలే, మా బస్సే. చెయ్యి ఎట్లా ఉందని అడిగింది గ్రేసీ. బస్సు ఎట్లా ఉందో ముందు చెప్పమన్నాను.

"బస్సుకేమన్నా, బాగనే ఉండాది. దయానంద్ పొట్టోడు గదా, నీ సీటు ముందుకు జరుపుకున్నాడు, అంతే."

సీటు జరిపాడంటే గుండెలో కలుక్కుమంది. పైకి నవ్వాను.

ఈ ఊరికి కాపురానికి వచ్చి పన్నెండేళ్ళయినా నేరేడుకోన చూడలేదంది. సరే రా చూపిస్తానన్నాను. జ్ఞానాంబ మోకాళ్ళ నొప్పని రానంది. ఐశ్వర్య టీవీ ముందు నుంచి లేవలేదు. మేమిద్దరం బయలుదేరాం. నేను ముందు, గ్రేసీ వెనక. వాన వెలిసిన తర్వాతి ఎండ, ఆకుల మీద నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. అంత చల్లగా, అంత హాయిగా ఉంది. నాకు సంతోషంగానే ఉంది, ఏడో మలుపు దాకా.

"అన్నా, ఎడమ పక్క మాను."

"తెలుసు. నిన్న సూసినా."

"అన్నా, కొమ్మ. తల వంచు."

"అన్నా, ఎడమ పక్క జారతాది, ఇట్లా రా."

బస్సులో లాగే. అదే గొంతు, అదే రాగం. నాకు చిరాకేసింది.

"ఏం గ్రేసీ, దయానంద్‌కు గూడా ఇట్లనే సెప్తా ఉండావా? పాపం, ఎట్ల తట్టుకుంటా ఉండాడో."

గ్రేసీ గట్టిగా నవ్వింది. "మొదటి దినం అట్లనే సెప్పినానన్నా, అలవాటు గదా. నాలుగు మలుపులు ఊరుకున్నాడు. అయిదో దానికి 'అక్కా, నాకు కనపడతాది లే' అన్నాడు."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆమె ఆగిందని అడుగుల చప్పుడు ఆగడం వల్ల తెలిసింది. నేను కూడా ఆగాను. తిరిగి చూడలేదు. ఏరు పారుతూనే ఉంది.

కాసేపటికి నడిచాను. మిగిలిన రెండు మలుపులూ గ్రేసీ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండునని నేను కాచుకున్నాను. కాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఎడమ పాదంతో ముందు నేలను తడిమి, తరువాత బరువు వేశాను. బండ దగ్గర ఒరుసుకుని అవతలికి పోయాం.

వానకు జలపాతం రెండింతలైంది. తెల్లగా, మనిషి మాట వినపడనంత చప్పుడుతో దూకుతోంది. గ్రేసీ "ప్రభువా" అంది. రాతి మీద కూర్చున్నాం. ఆమె నాకు ఎడమ పక్క కూర్చుంది.

"ఎన్ని దినాల నించి?" అని అడిగాను.

"పోయినేడాది ఎండాకాలం సెలవులకు ముందర నించన్నా. మామిడి మండీ కాడ సైకిలాయన. నువ్వు ఆయన మీదకే పోతా ఉంటే నేను అరిచినా. గుర్తుండాదా? తాగి అడ్డమొచ్చినాడని నువ్వు తిట్టితివి. ఆయన తాగలేదన్నా. ఆయన రోడ్డంచునే పోతా ఉన్న్యాడు."

"సార్‌కు ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే నిన్ను తీసేస్తారు గదన్నా."

"యాభై మంది పిల్లోళ్ళు గ్రేసీ!"

"నా బిడ్డ గూడా దాంట్లోనే ఉండాది. సెప్పలేక పోతి. అందుకే తలుపు కాడ నిలబడితి. దినామూ ప్రార్థన సేసుకుని ఎక్కేదాన్ని, దిగినంక ఇంగొకసారి సేసుకునేదాన్ని."

ఆమె మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. నాకు నోరారా చెప్పి ఉండొచ్చు కదా అనిపించింది. చెబితే నేను ఏమని ఉండేవాడినో కూడా తెలుసు.

అప్పుడు కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాను. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా చేయని పని. గోడ మీద అక్షరాలకు చేశాను కానీ లోకాన్ని చూడడానికి చేయలేదు.

జలపాతం కనిపించింది. నడిమిది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు. పైన చెట్టు లేదు, కింద మడుగు లేదు, పక్కన బండ లేదు. మోచేతి దూరంలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న గ్రేసీ లేదు.

అక్టోబరు 21

షెడ్డులో రాయిని ఎవరూ జరపలేదు. ముందు రోజు సాయంత్రం నేనే పెట్టాను.

అక్టోబరు 23, బుధవారం

జ్ఞానాంబకు చెప్పాను. ఎంత ధైర్యం కూడదీసుకుని చెప్పానో! ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, "ఇన్ని దినాలు పట్టిందా నీకు?" అంది. తర్వాత ఏడ్చింది. రేపే తిరుపతికి పోదామంది.

అక్టోబరు 24, గురువారం

పెద్ద కళ్ళ ఆసుపత్రి. కంట్లో మందు పోసి, గడ్డం ఆనించి, తెల్ల గిన్నె లాంటి దాంట్లో చిన్న చిన్న దీపాలు వెలిగిస్తారు. కనిపించినప్పుడల్లా బటను నొక్కాలి. నేను నొక్కుతూనే ఉన్నాననుకున్నాను. అయ్యాక కాగితం చూపించారు. నాకు కనిపించని చోటంతా నలుపు. ఎడమ కంటిది దాదాపు మొత్తం నలుపే, నడుమ చిన్న తెల్ల చుక్క. కుడి కంటికి ముక్కు వైపు మొదలైంది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపికగా చెప్పింది. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. పక్క నుంచి మొదలై చివరికి నడుమకు వస్తుంది, అందుకే అక్షరాలు చదవగలిగానట. పోయింది రాదు. చుక్కలు రోజూ రెండుసార్లు వేసుకుంటే ఉన్నది నిలబడవచ్చు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"ఉండె గదయ్యా, మామకు" అంది జ్ఞానాంబ.

నాయన చివరి ఆరేళ్ళూ గోడ పట్టుకునే నడిచాడు. వయసు అనుకున్నాం.

"డ్రైవింగ్ చెయ్యకూడదు" అంది డాక్టరమ్మ. ఏం పని చేస్తారని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. జ్ఞానాంబ నా వైపు చూసింది, ఆమె కూడా చెప్పలేదు.

అక్టోబరు 28, సోమవారం

చుక్కలు వేసుకుంటున్నాను. కోనకు పోయి వచ్చాను, మెల్లగా.

ఒక సంగతి ఆలోచించాలి. ఉన్నది నిలబడుతుందని డాక్టరమ్మే చెప్పింది. అంటే ఇంతకన్నా చెడిపోదు. ఇంతవరకూ ఏమీ జరగలేదు కదా. గ్రేసీ తలుపు దగ్గర ఉంటుంది. ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి ఆమె మాట వింటాను, కసరను. ఒకరి కన్ను, ఒకరి చెయ్యి. తెలియకుండా తోలినప్పటికంటే తెలిసి తోలడం మేలు.

ఎడమ పక్క ఇంకో అద్దం బిగించుకోవచ్చు.

అక్టోబరు 30

గ్రేసీకి ఫోన్ చేశాను. అద్దం సంగతి చెప్పాను. "నీ ఇష్టమన్నా" అంది. తర్వాత, "ఐశ్వర్యను మా అమ్మోళ్ళ ఊర్లో స్కూల్లో సేరుస్తామని అనుకుంటా ఉండా" అంది.

ఎందుకని నేను అడగలేదు.

అక్టోబరు 31

దీపావళి. జ్ఞానాంబ నాలుగు దీపాలు పెట్టింది. టపాకాయలు కాల్చే చోటికి నేను పోలేదు.

నవంబరు 4, సోమవారం

పొద్దున కోన నుంచి తిరిగి వస్తూ రోడ్డు మీదికి పోయాను. ఏడూ నలభైకి బస్సు మా ఊరి మలుపులోకి వస్తుంది. చూడాలనిపించింది. నెల దాటింది బండిని చూసి. పిల్లలను కూడా.

చింతచెట్టు కింద నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. దయానంద్ ఆలస్యం చేస్తున్నాడని మనసులో ఒక మూల సంతోషం కూడా. రెండడుగులు ముందుకు వేసి తారు మీదికి వచ్చి, దూరంగా కుడి వైపు చూశాను, గుడి దగ్గర పిల్లలను ఎక్కించుకుంటున్నాడేమోనని. ఆలోచిస్తే బస్సు అటు నుంచి రాదు. పదకొండేళ్ళు నేనే తోలాను కదా. ఎడమ వైపు నుంచి వస్తుంది.

హారను పడింది. చెవి పక్కనే.

ఆపేశాడు. దూరంగానే ఆపాడు, పది అడుగులు ఉంటుంది, భయపడే పని లేదు. దయానంద్ తల బయటికి పెట్టి, "ఏమన్నా, అట్ల నిలబడితివి! అంత దూరం నించి లైటు గొడతా ఉండా" అన్నాడు. గ్రేసీ తలుపులోంచి దిగింది. నన్ను పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. కిటికీల్లోంచి పిల్లలు "ఏకాంబరం మామా, ఏకాంబరం మామా" అని చేతులూపారు. నేనూ ఊపాను. బస్సు పోయింది.

దయానంద్‌కు నేను కనిపించాను. చింతచెట్టు నీడలో, మట్టి రంగు చొక్కాలో నిలబడ్డ మనిషి కనిపించాడు. నాకు బస్సు కనిపించలేదు. యాభై సీట్ల పసుపుపచ్చ బస్సు, లైట్లు వేసుకుని నా మీదికి వస్తుంటే.

అట్లాంటిదే ఒక సైకిలాయన. అట్లాంటిదే ఒక ముసలామె. ఐశ్వర్య వయసు పిల్ల ఎడమ పక్క నుంచి దిగి, జారిపోయిన పెన్సిలు కోసం వంగితే?

ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను.

నవంబరు 5

కోనకు పోలేదు.

నవంబరు 13, బుధవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది, తెల్లగా పాలిపోయింది, ఎముక మాత్రం చక్కగా అతుక్కుంది. కట్టే ఆయన మణికట్టు అటూ ఇటూ తిప్పి, "స్టీరింగు తిప్పుకోవచ్చప్పా, ఏమీ కాదు" అన్నాడు. ఆయన పని ఆయన బాగా చేశాడు.

సాయంత్రం కృష్ణమూర్తి సార్ ఫోన్. సోమవారం నుంచి వచ్చేయమన్నారు. రేపు వచ్చి కలుస్తానన్నాను.

నవంబరు 14, గురువారం

పిల్లల పండగ. స్కూలంతా రంగు కాగితాలు. గేటు దగ్గరే పిల్లలు చుట్టుకున్నారు, చెయ్యి చూపించమని. ఒకడు కట్టు ఏదని అడిగాడు, దాచుకోలేదా అని. వాళ్ళను విడిపించుకుని ఆఫీసు గదిలోకి పోయాను.

"సార్, నేను బండి తోలను" అన్నాను. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. "నాకు ఎడమ పక్క కనపళ్ళేదు సార్. తిరపతిలో సూపించినా. ఇది రానూ రానూ పోయేదే గానీ వచ్చేది కాదంట."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్లు ఉంటాది సార్."

"రెండేండ్లా?" ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయారు. కింద ఆటస్థలంలో పిల్లలు అరుస్తున్నారు. "రెండేండ్లు నువ్వు..." అని ఆపేశారు. తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. కాసేపటికి ఇటు తిరిగి, "ఆయమ్మకు కూడా తెలియలేదా? ఆమె తలుపు దగ్గరే కదా ఉండేది?" అన్నారు.

"గ్రేసీకేం తెలుసు సార్. పిల్లోళ్ళను సూసుకునేదానికే దానికి పొద్దు సాలదు. నాకే తెలియలేదు."

పదకొండేళ్ళలో ఆయనకు నేను చెప్పిన అబద్ధాల్లో ఇది ఒక్కటే తెలిసి చెప్పింది. రేపు బాధపడతానేమో తెలియదు, ఇవాళ మాత్రం బాధ లేదు.

షెడ్డులో ఏదైనా పని చూస్తానన్నారు. ఆలోచించుకుని చెప్తానన్నాను. బయటికి వస్తుంటే గ్రేసీ వరండాలో నిలబడి ఉంది, చేతిలో పిల్లల నీళ్ళ సీసాలు. నా మొహం చూసి తెలుసుకుంది.

"ఐశ్వర్యను ఈడనే ఉంచు" అన్నాను. "దయానంద్ బాగనే తోలతాడు."

తలాడించింది. సీసాలు కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నిలబడలేదు.

బస్టాండు దాకా నడిచాను. అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చుని ఏడ్చాను. చాలామంది చూశారు. చూడనీ.

నవంబరు 17, ఆదివారం

రెండు రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదు. తిన్నాను, పడుకున్నాను, చుక్కలు వేసుకున్నాను.

ఇవాళ పొద్దున జ్ఞానాంబ చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది. "పోదామా కోనకు?" అంది.

"నీ మోకాళ్ళో?"

"నొస్తే కూర్సుంటాలే. నీకేం, ఇంగ టయానికి పోయే పని లేదు గదా."

ఆ మాటకు ఒక్క క్షణం నొప్పి కలిగింది, తర్వాత నవ్వొచ్చింది. బయలుదేరాం. మామిడి తోట దాకా ఎప్పటిలాగే నేను ముందు, ఆమె వెనక. ఈ ముప్ఫై ఏళ్ళలో పెళ్ళికి పోయినా, ఆసుపత్రికి పోయినా అంతే. నా నడక వేగం, ఆమె అందుకోలేక వెనక. నేను ఆగిందీ లేదు, ఆమె అడిగిందీ లేదు.

కాలిబాట మొదలయ్యే చోట నీడ మొదలైంది. ఏటి చప్పుడు వినిపించింది. వానకు వచ్చిన కొత్త రాళ్ళు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో నాకు తెలియదు. ఆగాను. ఆమె వచ్చి నా వెనక ఆగింది.

అడగడానికి ఇంత కష్టమని అనుకోలేదు. సార్ ముందు చెప్పడం కంటే కష్టంగా ఉంది.

"ఏమే, ఎడమ పక్కకు రా" అన్నాను. "నాకు ఆ పక్క కనపళ్ళేదు."

దారి ఇద్దరికి చాలదు. ఆమె చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది, చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుంది, ఏటి అంచున పాదాలు మునిగే నీళ్ళలోకి దిగి నా పక్కకు వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుంది.

"తాళి కట్టినంక అయ్యోరు నన్ను ఈ పక్కనే గదయ్యా కూర్సోబెట్టినాడు" అంది. "నువ్వే లేసి ముందర పోతివి."